రివర్స్ వేస్తే గర్రుమంటా ఉంది, సెకండ్ గేరు కూడా.. గేరు బాక్సు దించాలా? (పాత ఆక్టేవియా వీఆర్ఎస్)

అలిపిరి_టర్బో:

అన్నలందరికీ నమస్కారం, తిరుపతి నుంచి రాస్తా ఉన్నా. బండి 2005 స్కోడా ఆక్టేవియా వీఆర్ఎస్ (ఆక్టేవియాలో స్పోర్ట్స్ రకం), 1.8 టర్బో పెట్రోలు, ఐదు గేర్ల మాన్యువల్. నాలుగు డోర్లు ఉండేది స్పోర్ట్స్ కారు ఎట్లవుతుంది రా అని మా బావ ఎప్పుడూ ఎగతాళే, ఒకసారి చంద్రగిరి వైపు తీసుకుపోయి మూడో గేర్లో కాలు అదిమినాక మళ్ళీ మాట్లాడలేదు. రెండేళ్ల కిందట కొన్నా, నేను మూడో ఓనరు, మీటరు మీద లక్షా 42 వేలు ఉంది, అది నిజమా కాదా ఆ ఏడుకొండలవాడికే తెలియాల.

ఇప్పుడు సంగతి ఏమంటే పోయిన నెల మా అమ్మను తీసుకుని కొండకు పోయినాం, పైకి ఎక్కేటప్పుడు మలుపు దగ్గర మూడు నుంచి రెండుకు దించితే గర్ర్ మని పెద్ద శబ్దం, వెనక సీట్లో మా అమ్మ గోవిందా గోవిందా అనేసింది. ఆ రోజు నుంచి గమనిస్తా ఉంటే పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు ఒకటి నుంచి రెండుకు కూడా బిర్రుగా పోతా ఉంది, ఇంట్లో పార్కింగ్ లో రివర్స్ వేస్తే ప్రతిసారీ గర్రుమంటుంది, పక్కింటాయన గేటు తెరిచి చూస్తాడు. ఇంకా న్యూట్రల్ లో ఊరికే నిలబెట్టినా ఏదో చిటచిట అంటా ఉంటుంది.

రేణిగుంట రోడ్డు వైపు ఒక గ్యారేజీలో చూపిస్తే ఆయన వంద అడుగులు నడిపి, బాక్సు దించాల, కోన్లు (గేర్లు మెత్తగా పడేకి లోపల ఉండే సింక్రో రింగులు) అన్నీ పోయినాయి, క్లచ్ సెట్టు ఫ్లైవీలు (ఇంజనుకి బిగించి తిరిగే బరువు చక్రం) తో సహా మార్చాల, అంతా కలిపి లక్షా పదివేలు అన్నాడు. బండి కొన్నదే రెండున్నర లక్షకి. నిజంగా అంత అవసరమా, దించక ముందు నేను ఇంటి దగ్గర ఏమైనా చూసుకోగలనా? తెలిసినవాళ్లు చెప్పండి.

—

డీజిల్_దేవర:

అమ్మేయ్ బ్రో. ఆ లక్షతో మంచి డీజిల్ బండికి అడ్వాన్సు ఇచ్చెయ్.

—

అలిపిరి_టర్బో:

ఇదే చెప్తారని తెలుసు. అమ్మను.

—

చిత్తూరు_పానా:

తమ్ముడూ, నేను ముప్పై ఏళ్లుగా చిత్తూరులో ఇదే పని చేస్తా ఉండా, ఆ బండి కూడా రెండు మూడు చూసినా. వంద అడుగులు నడిపి బాక్సు దించాల అని చెప్పేసినాడంటే ఆయనకి పని కావాల అంతే, తప్పు పట్టడం లేదు, ఎవురి కడుపు వాళ్లది. అయితే గేరు శబ్దం అని ఒకే పేరు పెట్టి మూడు జబ్బులు కలిపేసినావు నువ్వు. ముందు విడదియ్యాల. ఏ కాలు యాడ ఉన్నప్పుడు శబ్దం వస్తా ఉండాది, అదొక్కటి చెప్తే సగం తెలిసిపోతాది.

బండి సమంగా ఉండే చోట నిలబెట్టు. ఇంజను ఆఫ్ లో అన్ని గేర్లూ ఒకసారి వేసి చూడు, ఆఫ్ లోనే ఇరుక్కుంటే అది పైన కేబుల్ దో, లివరు కింద ప్లాస్టిక్ బుష్ దో కథ, లోపలికి పోనక్కర్లేదు. తర్వాత స్టార్ట్ చేసి న్యూట్రల్ లో క్లచ్ మీద నుంచి కాలు పూర్తిగా తీసేసి విను. మెల్లగా తొక్కతా విను. తొక్కితే శబ్దం ఆగిపోయిందంటే అది ఇన్‌పుట్ షాఫ్టు (ఇంజను నుంచి బాక్సులోకి తిప్పే కడ్డీ) బేరింగు గానీ ఫ్లైవీలు గానీ, ఎందుకంటే తొక్కినప్పుడు బాక్సు లోపల షాఫ్టు తిరగడం ఆగిపోతాది గదా. తొక్కినప్పుడే శబ్దం మొదలైతే క్లచ్ ని విడదీసే రిలీజ్ బేరింగు.

ఇంక రివర్స్. క్లచ్ అడుగు దాకా తొక్కి పట్టుకుని ఒకటి రెండు అని ఐదు లెక్కపెట్టి అప్పుడు వెయ్యి. ఐదు లెక్కపెట్టినాక కూడా గర్రుమంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదు. అది బాక్సు తప్పు కాదు. ఒకసారి క్లచ్ ని దబదబా మూడు సార్లు తొక్కి వేసి చూడు, అప్పుడు మెత్తగా పడితే క్లచ్ ఆయిల్ లైన్లో గాలి అయినా ఉండాది, సిలిండరు లోపల సీలు అయినా జారతా ఉండాది. ఇవన్నీ చేసి చెప్పు, గ్యారేజీకి ఫోన్ చెయ్యొద్దు ఇప్పుడే.

—

పలమనేరు_టు_బెంగళూరు:

పానా అన్న చెప్పింది కరెక్ట్, నేను ఇంకొంచెం కలుపుతా (నాది పలమనేరు, బెంగళూరులో గేర్లు తయారుచేసే చోటే ఉద్యోగం, అందుకే నోరు ఆగదు).

సెకండ్ గేరు గర్రుమంటే సింక్రో పోయింది అని అందరూ అనేస్తారు కానీ సింక్రో ఏం చేస్తుందో చూడండి. గేరు పక్కన ఇత్తడి రింగు ఒకటి ఉంటుంది, లివరు నెట్టగానే అది ముందు కోన్ మీద ఒరుసుకుని గేరు వేగాన్ని స్లీవు (గేరుని షాఫ్టుకి కలిపే పళ్ల కట్టు) వేగానికి సమానం చేస్తుంది, వేగాలు కలిసినాక మాత్రమే పళ్లు లోపలికి పోతాయి. ఆ రింగు అరిగిపోతే వేగం కలవక ముందే పళ్లు పళ్లు కొట్టుకుంటాయి, అదే మీరు విన్న గర్ర్. కానీ క్లచ్ పూర్తిగా విడవకపోతే? ఇంజను ఆ షాఫ్టుని ఇంకా లాగుతూనే ఉంటుంది, పాపం చిన్న ఇత్తడి రింగు ఇంజనుతో కుస్తీ పట్టాలి. రింగు బాగున్నా ఓడిపోతుంది. కాబట్టి క్లచ్ సంగతి తేలే వరకు సింక్రో గురించి ఎవరూ ఏమీ చెప్పలేరు, ఎంత పెద్ద మెకానిక్ అయినా.

రెండు టెస్టులు ఇంకా చేయండి. ఒకటి డబుల్ క్లచ్. మూడు నుంచి క్లచ్ తొక్కి న్యూట్రల్, క్లచ్ వదిలేసి కొంచెం యాక్సిలరేటర్, మళ్ళీ తొక్కి రెండు. ఇట్లా వేస్తే మెత్తగా పడితే సింక్రో చేయాల్సిన పని మీ కాలు చేసింది అని అర్థం, పళ్లు బతికే ఉన్నాయి. రెండోది కొండ దిగేటప్పుడు సెకండ్ లో పెట్టి యాక్సిలరేటర్ వదిలేయండి, లివరు మీద చేయి పెట్టకుండా. దానంతట అది న్యూట్రల్ లోకి ఎగిరి వస్తే అప్పుడు మాత్రం నిజంగా భయపడాలి, ఫోర్కు (స్లీవుని జరిపేది) గానీ స్లీవు పళ్లు గానీ అరిగిపోయినట్టు, కొన్నిసార్లు ఇంజను మౌంట్లు పోయినా అట్లా వస్తుంది.

మా నాన్న అంబాసిడర్ కాలంలో ఇంకో టెస్టు చెప్పేవాడు, నాలుగో గేర్లో శబ్దం ఆగిపోతే కింద షాఫ్టుది అని. వెనక చక్రాల బండ్లలో టాప్ గేరు డైరెక్టుగా పోతుంది కాబట్టి అది పనిచేసేది. ఆక్టేవియాలో ఇంజను అడ్డంగా ఉంటుంది, బాక్సులో రెండే షాఫ్టులు, డైరెక్టు గేరే లేదు. కాబట్టి ఎవరైనా ఆ టెస్టు చెప్తే వినకండి.

ముఖ్యమైన ప్రశ్న, బాక్సులో ఏం ఆయిల్ ఉంది? ఎప్పుడు మార్చినారు?

—

అలిపిరి_టర్బో:

ఆయిల్ గురించి పాత బిల్లులు చూసినా, నాకు ముందు ఓనరు ఎక్కడో మార్పించినాడు, బిల్లులో "గేర్ ఆయిల్ ఈపీ 90, 2 లీ" అని ఉంది అంతే. మిగతా టెస్టులు ఆదివారం చేసి చెప్తా.

—

పలమనేరు_టు_బెంగళూరు:

అనుకున్నా!! ఈపీ 90 అంటే ట్రాక్టర్లకి లారీ డిఫరెన్షియల్ కి (చక్రాలకి బలం పంచే పళ్ల పెట్టె) పోసే చిక్కటి ఆయిల్. మీ బాక్సుకి కావాల్సింది 75డబ్ల్యూ-90 (ఇది చిక్కదనం నంబరు) సింథటిక్, అదీ జీఎల్-4 రకం (జీఎల్ అంటే ఆయిల్లో కలిపే మందులని బట్టి ఇచ్చే గ్రేడు). ఈపీ 90 పేరుతో డబ్బాల్లో జీఎల్-4 కూడా ఉంది జీఎల్-5 కూడా ఉంది, మీకు ఏది పోసినారో ఎవరికి తెలుసు. జీఎల్-5 లో గంధకం, ఫాస్ఫరస్ మందులు దాదాపు రెట్టింపు ఉంటాయి, వెనక డిఫరెన్షియల్ లో పళ్లు ఒకదాని మీద ఒకటి జారతాయి కాబట్టి అక్కడికి అది కావాలి, కానీ ఇత్తడి రింగుని మెల్లగా తినేసే గుణం వాటికి ఉంది. పైగా రింగు పనిచేసేదే ఒరిపిడి మీద, మరీ జారుడు ఆయిల్ పోస్తే పట్టు ఎక్కడ దొరుకుతుంది?

—

చిత్తూరు_పానా:

తమ్ముడూ ఆ ఈపీ 90 ని అంత తిట్టొద్దు. అంబాసిడర్లకీ జీపులకీ అదే పోసి జీవితాలు గడిపేసినాం, ఒక్కడు వెనక్కి రాలేదు. చిక్కటి ఆయిల్ పోస్తే అరిగిన బాక్సు శబ్దం కూడా తగ్గతాది.

—

పలమనేరు_టు_బెంగళూరు:

శబ్దం తగ్గుతుంది అన్నా, ఒప్పుకుంటా, కానీ అది తలనొప్పికి అమృతాంజనం పూసినట్టు. జీపు బాక్సు వేరు, దాంట్లో వదులు ఎక్కువ. ఈయన బాక్సు బిగువు కొలతలది, పొద్దున్నే చిక్కటి ఆయిల్ లో ఆ రింగు కోన్ మీద ఆయిల్ పొరని చీల్చుకుని పట్టుకోవడానికే టైమ్ పడుతుంది. అందుకే చల్లగా ఉన్నప్పుడు బిర్రుగా ఉంది అంటున్నారు ఆయన. వేడెక్కినాక బాగైతే ఆయిల్, వేడెక్కినాక ఎక్కువైతే క్లచ్. ఇది కూడా గమనించండి.

—

చిత్తూరు_పానా:

సరే ఈ బండికి నీ మాటే కానీ. జీపులకి మాత్రం నా మాటే.

—

అలిపిరి_టర్బో:

అన్నలూ ఆదివారం పూర్తిగా దీనికే పోయింది, పొద్దున ఇంటి దగ్గర, మధ్యాహ్నం భాకరాపేట ఘాట్ దాకా పోయి వచ్చినా. మా ఆవిడ బిరియాని పార్సిల్ తెస్తానంటేనే ఒప్పుకుంది.

ఆఫ్ లో అన్ని గేర్లూ వెన్నలాగా పడతా ఉన్నాయి. ఆన్ లో రివర్స్ ఐదు కాదు పది లెక్కపెట్టినా గర్రుమంటుంది, కానీ క్లచ్ మూడు సార్లు తొక్కి వేస్తే చప్పుడే లేదు!! ఇంకొకటి, ఫస్ట్ లో పెట్టి క్లచ్ పూర్తిగా తొక్కి పట్టుకుని హ్యాండ్ బ్రేక్ తీస్తే బండి చీమ నడిచినట్టు ముందుకి పోతా ఉంది. ఇన్ని రోజులు నేను గమనించనే లేదు. పెడల్ కూడా ముందు మధ్యలో పట్టుకునేది ఇప్పుడు దాదాపు కింద పట్టుకుంటా ఉంది. టౌన్ ట్రాఫిక్ లో అరగంట తిరిగినాక రివర్స్ ఇంకా అధ్వానం.

సెకండ్ మాత్రం ఉల్టా, పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ, పది కిలోమీటర్లు పోయినాక తక్కువ. డబుల్ క్లచ్ వేస్తే (మొదట నాలుగు సార్లు తప్పు చేసినా, వెనక లారీ ఆయన హారన్ కొట్టి చంపినాడు) మెత్తగా పడింది. ఘాట్ దిగేటప్పుడు సెకండ్ లో వదిలేస్తే ఎగరలేదు.

న్యూట్రల్ లో చిటచిట క్లచ్ తొక్కితే ఆగిపోతా ఉంది. ఏసీ వేస్తే ఎక్కువ, యాక్సిలరేటర్ కొంచెం ఇచ్చి 1200 దాటిస్తే ఉండదు. ఇంజను ఆఫ్ చేసేటప్పుడు టక్ టక్ అని రెండు దెబ్బలు. ఇది బేరింగా అన్నా?

—

చిత్తూరు_పానా:

కాదు. బేరింగు పోతే ఆర్పీఎం పెంచేకొద్దీ ఊ... అని కుక్క ఏడ్చినట్టు సన్నగా పెరగతా పోతాది, తగ్గదు. నీది ఐడిల్ లో మాత్రమే ఉండి, ఏసీ బరువు పడితే ఎక్కువై, ఆఫ్ చేస్తే టక్కుమంటా ఉండాది, అది డ్యూయల్ మాస్ ఫ్లైవీలు. దాంట్లో రెండు పళ్లేలు, మధ్యలో స్ప్రింగులు ఉంటాయి, స్ప్రింగులు వదులైనాయి. ఇప్పటికిప్పుడు కొంప మునగదు, కానీ గుర్తు పెట్టుకో.

రివర్స్ ది క్లచ్చే, ఇంక అనుమానం లేదు. ముందు చేయాల్సిన పని ఏమంటే బ్రేక్ ఆయిల్ డబ్బా చూడు, ఈ బండ్లో క్లచ్ కి కూడా అందులో నుంచే పోతాది. నల్లగా ఉంటే మార్చే కాలం ఎప్పుడో దాటిపోయింది. తర్వాత బాక్సు ముందు పక్కన బయటే ఉంటాది స్లేవ్ సిలిండరు (ఆయిల్ ఒత్తిడితో క్లచ్ ని నెట్టేది), రెండు బోల్టుల మీద. దాని రబ్బరు మూత ఎత్తి చూడు. లోపల తడి ఉంటే అయిపోయింది. పెడల్ దగ్గర మ్యాట్ కింద కూడా వేలు పెట్టి చూడు, పైన మాస్టర్ సిలిండరు (పెడల్ తొక్కితే ఆయిల్ ని నెట్టేది) కారినా పెడల్ కి అంటుకుంటాది. బాక్సు దించకుండా గంటన్నరలో అయిపోయే పని ఇది.

—

మామిడికాయ_పచ్చడి:

స్లేవ్ కావాలంటే చెన్నై పుదుపేట పాత సామాన్ల బజార్లో దొరుకుతుంది బ్రో, చవగ్గా. నేను నా లాన్సర్ కి చాలా తెచ్చినా అక్కడ నుంచి.

—

చిత్తూరు_పానా:

పుదుపేటలో డోరు తెచ్చుకో, సీటు తెచ్చుకో, గేర్ బాక్స్ కూడా తెచ్చుకో కావాలంటే. రబ్బరు సీలు ఉండే సామాను పాతది కొనొద్దు, దాన్ని తీసిన బండి వాడు ఎందుకు తీసినాడో నీకేం తెలుసు. కొత్తది కొను.

—

పలమనేరు_టు_బెంగళూరు:

ఆయిల్ మార్చేటప్పుడు ఒకటే ఒక్క జాగ్రత్త. పైన పోసే ప్లగ్గు ముందు వదులు చేయండి, అది తిరిగినాకే కింద ప్లగ్గు తీయండి. కింద ఖాళీ చేసేసి పైది తుప్పు పట్టి తిరగకపోతే బండి అక్కడే కూర్చుంటుంది. రెండూ 17 అలెన్ కీ. అంత పెద్ద అలెన్ చాలా షాపుల్లో ఉండదు, ఒక 10 ఎంఎం బోల్టు తీసుకోండి, పాత కొలతలో దాని తలకాయ 17 ఉంటుంది, కొత్త రకంలో 16 వస్తుంది కాబట్టి కొలిచి కొనండి. ఆ తలకాయ ప్లగ్గులో పెట్టి వెనక మర మీద రెండు నట్లు ఒకదానికొకటి బిగించి పానాతో తిప్పండి.

వచ్చిన పాత ఆయిల్ పారబోయకండి, వెడల్పు బేసిన్ లో పట్టి పాత స్పీకర్ అయస్కాంతం అందులో తిప్పండి. బూడిద రంగు మెత్తటి పేస్టు అంటుకుంటే మామూలే, ఇన్నేళ్ల బాక్సు కదా. గోరు గీరేంత ముక్కలు వస్తే పళ్లో బేరింగో. అయస్కాంతానికి అంటకుండా ఆయిల్ లో బంగారు పొడి లాగా మెరుస్తా ఉంటే అదే ఇత్తడి, మీ సింక్రో రింగు.

—

అలిపిరి_టర్బో:

మూడు వారాలు అయింది, అప్‌డేట్.

స్లేవ్ రబ్బరు ఎత్తగానే చెంచాడు ఆయిల్ కారింది. బ్రేక్ ఆయిల్ డికాషన్ రంగులో ఉంది. కొత్త స్లేవ్ వేయించి, డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తది పోసి గాలి తీయించినా, నేను పెడల్ తొక్కతా ఉంటే కుర్రోడు కింద నిపుల్ తిప్పినాడు, నాలుగు సార్లు అయిపోయింది అనుకున్నాం ఐదోసారి మళ్ళీ బుడగలు, మొత్తం గంటన్నర అన్నది మూడు గంటలైంది. ఇప్పుడు పెడల్ మళ్ళీ మధ్యలో పట్టుకుంటా ఉంది. రివర్స్ చప్పుడే లేదు, పక్కింటాయన గేటు తెరవడం మానేసినాడు.

గేర్ ఆయిల్ తీస్తే బెల్లం పాకం. చిక్కగా, నల్లగా, వాసన అయితే చెప్పలేను, చేతులు రెండు రోజులు కంపు. అయస్కాంతానికి బూడిద పేస్టు, ముక్కలు లేవు, కానీ ఎండలో చూస్తే బంగారు పొడి ఉంది అన్నా. కొంచెమే, కానీ ఉంది. 75డబ్ల్యూ-90 జీఎల్-4 రెండు లీటర్లు పోసినా. మొదటి రోజు ఏమీ తేడా లేదు, తిట్టుకున్నా కూడా, నాలుగైదు రోజులు తిరిగినాక సెకండ్ మెత్తబడింది. పొద్దున్నే మొదటి రెండు మూడు సార్లు దబ్బున లాగితే మాత్రం ఇంకా గ్ర్.. అంటుంది, నిదానంగా న్యూట్రల్ దగ్గర ఒక్క క్షణం ఆపి వేస్తే అనదు. ఫ్లైవీలు చిటచిట అట్లే ఉంది.

అన్నీ కలిపి 7,300 అయింది, బోల్టుకి నట్లకి 40 రూపాయలు కాక. ఆ గ్యారేజీ ఆయన ఫోన్ చేసి బాక్సు దించేకి ఎప్పుడు తెస్తావు అని అడిగినాడు, ఊరికి పోయినా అని చెప్పినా.

ఇప్పుడు ఆ బంగారు పొడికి ఏం చేయాల?

—

చిత్తూరు_పానా:

ఏం చేయొద్దు. సెకండ్ రింగు సగం అరిగింది, అది నిజమే, అబద్ధం చెప్పను. ఆ గ్యారేజీ వాడు చెప్పిన దాంట్లో ఆ ఒక్కటి కరెక్టే. కానీ దాని కోసమే ఇప్పుడు బాక్సు దించితే కూలీ దండగ. క్లచ్ ప్లేటు అయిపోయే రోజు ఎట్లా ఒకరోజు వస్తాది, ఆ రోజు బాక్సు ఎట్లైనా కిందికి రావాల్సిందే, అప్పుడు ఫ్లైవీలు, రిలీజ్ బేరింగు, సెకండ్ రింగు, సీళ్లు అన్నీ ఒకే కూలీలో. అంతవరకు పొద్దున్నే మొదటి కిలోమీటరు మెల్లగా పో. లివరు మీద చేయి ఆనించి నడిపే అలవాటు ఉంటే మానుకో, ఆ బరువంతా లోపల ఫోర్కు మీద పడతాది. ఒక పది వేల కిలోమీటర్ల తర్వాత రెండు చుక్కలు ఆయిల్ తీసి ఎండలో చూడు, పొడి ఎక్కువైతే అప్పుడు మాట్లాడుకుందాం.

—

పలమనేరు_టు_బెంగళూరు:

+1. డిఫరెన్షియల్ వైపు ఏదైనా కొత్త శబ్దం వస్తే మాత్రం ఆలస్యం చేయొద్దు, ఈ రకం బాక్సుల్లో కొన్నిటికి అక్కడ రివెట్లు విరిగి కేసింగుకే చిల్లు పడిన సందర్భాలు ఉన్నాయి. మీ ఆయిల్ లో ఇనుప ముక్కలు లేవు కాబట్టి ఇప్పటికి నిద్రపోవచ్చు.

—

మామిడికాయ_పచ్చడి:

అన్నా ఆ బోల్టు ఒకసారి ఇస్తావా, మా తమ్ముడి పాలియోకి కూడా గేర్ ఆయిల్ మార్చాల.

—

అలిపిరి_టర్బో:

లీలామహల్ సర్కిల్ వైపు వచ్చినప్పుడు మెసేజ్ పెట్టు, తీసుకుపో. కానీ పాలియో ప్లగ్గు కొలత ముందు చూసుకో, ఊరికే వచ్చి పోతావు.